తెలుగు పలికిన కంప్యూటరు

భాష నిలువవలెనన్న దానిని వ్రాయు పనిముట్టు ప్రజల చేతిలో నుండవలెను. 1983లో అమెరికాలో రిచర్డ్ స్టాల్‌మన్ ఆరంభించిన స్వేచ్ఛా సాఫ్ట్‌వేరు ఉద్యమము దీనికి దారి చూపెను. కంప్యూటరును నడిపించు ప్రోగ్రామును ఎవరైనను చదివి, దిద్ది, పంచుకొనవచ్చుననుట దాని సూత్రము. 1991లో ఫిన్లాండు విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ ‘లినక్సు’ను వెలువరించెను. దాని అభిమానులు 2001లో బెంగుళూరున మహాసభ జరిపిరి. ఆ పరంపర 2012 వరకు సాగెను. హైదరాబాదున 2005లో వెలసిన ‘స్వేచ్ఛ’ సంస్థ కళాశాలలలో శిబిరములు నడిపి, స్వచ్ఛంద సేవకులచే కంప్యూటరు తెరపై మాటలను తెలుగు చేయించెను. వ్యాపారి లాభమున్నచోటనే భాషను ఆదరించును. ఈ మార్గమున ఎవ్వరి అనుమతియు నక్కరలేదు. బడిలో తెలుగు దొరకని పొరుగు రాష్ట్రములందలి మనకు ఇది గొప్ప అండ. ఉగాది సభలో కవిసమ్మేళనమునకు తోడు, ఒక పూట మన పిల్లలను ఈ పనికి కూర్చుండబెట్టుదము.