హెచ్‌ఆర్ ప్రాజెక్టు చేస్తున్నారా? దోమకొండలో టాపిక్ బీడీ చాటలోనే ఉంది

డిగ్రీ, ఎంబీఏ చివరి సెమిస్టర్ రాగానే కామారెడ్డి, దోమకొండ, భిక్కనూరు వైపు పిల్లలకు ఒకటే టెన్షన్: ప్రాజెక్టు. హెచ్‌ఆర్ తీసుకున్నవాళ్లకైతే సబ్జెక్టు పేరు ‘మానవ వనరుల నిర్వహణలో ప్రస్తుత సమస్యలు’ అని ఇచ్చి వదిలేస్తారు. దాంతో చాలామంది హైదరాబాద్‌లోని ఏదో ఐటీ కంపెనీ పేరు పెట్టి, జిరాక్స్ సెంటర్‌లో పాత రిపోర్టు కొనుక్కొని, పేరు మార్చి ఇచ్చేస్తారు. ఆ కంపెనీ గేటు కూడా చూసి ఉండరు. వైవాలో ‘శాంపిల్ ఎలా తీశారు’ అని అడిగితే నోరు పెగలదు.

నిజానికి ఈ సబ్జెక్టులో ఇప్పుడు ప్రపంచమంతా వాదులాడుకుంటున్న పెద్ద ప్రశ్న ఒకటుంది. పని చేయించుకునేది ఒకరు, డబ్బు చేతికిచ్చేది ఇంకొకరు, పని జరిగేది కంపెనీ బయట. అలాంటప్పుడు యజమాని ఎవరు? ఫుడ్ డెలివరీ, క్యాబ్ యాప్‌లు వచ్చాక ఇది కొత్త సమస్య అనుకుంటున్నారు. కానీ దోమకొండలో అమ్మీ, ఖాలా, పక్కింటి అక్క చాట ఒళ్లో పెట్టుకుని బీడీలు చుడుతున్నప్పటి నుంచీ ఈ ప్రశ్న ఉంది. సుప్రీంకోర్టు దీనికి 1985లోనే ఒక జవాబు చెప్పింది.

చాటన్ చెప్పిన తీర్పు

బీడీ పని ఎలా సాగుతుందో ఈ ప్రాంతం వాళ్లకు చెప్పక్కర్లేదు. టేకేదారు తునికాకు, తంబాకు, దారం ఇస్తాడు. ఇంట్లో ఆకు తడిపి, కత్తిరించి, చుట్టి, కట్టలు కట్టి కార్ఖానాకు తీసుకెళ్తారు. అక్కడ చాటర్ బీడీలు చూసి బాగాలేనివి తీసి పక్కన పడేస్తాడు. అదే చాటన్. ఉర్దూలో ‘ఛాంట్నా’ అంటే ఏరి వేరు చేయడమే కదా, మాట అక్కడిదే.

1952 నాటి పీఎఫ్ చట్టాన్ని 1977లో బీడీ పరిశ్రమకు వర్తింపజేసినప్పుడు కొన్ని కంపెనీలు కోర్టుకెక్కాయి. ‘ఆడవాళ్లు వాళ్ల ఇంట్లో, వాళ్లకు వీలైన టైంలో చుట్టుకుంటారు, మేము పక్కన నిలబడి చూడం, వాళ్లు మా ఉద్యోగులు ఎలా అవుతారు’ అన్నది వాదన. పి.ఎం. పటేల్ అండ్ సన్స్ కేసులో 1985లో సుప్రీంకోర్టు దీన్ని ఒప్పుకోలేదు. పక్కన నిలబడి చూడకపోయినా, బాగాలేని బీడీని తిప్పికొట్టే హక్కు కంపెనీ చేతిలో ఉంది, అదే పనిమీద అదుపు, కాబట్టి ఇంట్లో చుట్టేవారు కూడా పీఎఫ్ చట్టం కింద ఉద్యోగులే అని తేల్చింది. మధ్యలో టేకేదారు ఉన్నంత మాత్రాన కంపెనీ బాధ్యత పోదు.

ఇప్పుడు ఈ మాటను డెలివరీ బాయ్ ఫోన్ పక్కన పెట్టి చూడండి. యాప్ కూడా పక్కన నిలబడదు. కస్టమర్ ఇచ్చే స్టార్లు తగ్గితే ఆర్డర్లు తగ్గుతాయి, ఒక్కోసారి ఐడీ బ్లాక్ అవుతుంది. ఇది కూడా చాటనే, చేసేది సాఫ్ట్‌వేర్. 2021 ఫిబ్రవరిలో బ్రిటన్ సుప్రీంకోర్టు ఉబర్ డ్రైవర్లను ‘వర్కర్లు’గా గుర్తించినప్పుడు చూసిన అంశాల్లో రేటు ఎవరు నిర్ణయిస్తున్నారు, రేటింగ్‌తో డ్రైవర్‌ను ఎలా అదుపు చేస్తున్నారు అన్నవి ఉన్నాయి. మన దేశంలో 2020 సామాజిక భద్రత కోడ్ మాత్రం గిగ్ వర్కర్‌ను ‘సంప్రదాయ యజమాని–ఉద్యోగి సంబంధానికి బయట’ పనిచేసేవాడిగా నిర్వచించింది. అతనికి పీఎఫ్ కాకుండా వేరే నిధి. యాప్ కంపెనీలు ఏడాది టర్నోవర్‌లో 1 నుంచి 2 శాతం ఆ నిధికి ఇవ్వాలి, అయితే వర్కర్లకు చెల్లించిన మొత్తంలో 5 శాతం మించనక్కర్లేదు. ఇంట్లో చుట్టే అమ్మీ చట్టం ప్రకారం ఉద్యోగి, బండి మీద తిరిగే కొడుకు కాదు. ఒకే ఇంట్లో ఈ తేడా ఎందుకు అన్నదే మంచి ప్రాజెక్టు.

చట్టం విషయంలో ఒక జాగ్రత్త. చాలా పుస్తకాల్లో ఇప్పటికీ బీడీ, సిగార్ కార్మికుల చట్టం 1966 అనే ఉంటుంది. 29 కార్మిక చట్టాలను కలిపి చేసిన నాలుగు లేబర్ కోడ్‌లను కేంద్రం 2025 నవంబరు 21 నుంచి అమల్లోకి తెచ్చింది. 1966 చట్టం వృత్తి భద్రత కోడ్‌లోకి, పీఎఫ్ చట్టం సామాజిక భద్రత కోడ్‌లోకి వెళ్లాయి. పాత పుస్తకం నుంచి దింపితే ఎగ్జామినర్‌కు మొదటి పేజీలోనే దొరికిపోతారు.

ఇంట్లో ఎందుకు పట్టించుకోవాలి

ఇది మార్కుల సంగతి మాత్రమే కాదు. తెలంగాణ ప్రభుత్వం 2015లో బీడీ కార్మికులకు నెలకు 1,000 రూపాయల పింఛన్ మొదలుపెట్టింది, 2019లో 2,016 చేసింది. దానికి మొదట పెట్టిన షరతు 2014 ఫిబ్రవరి 28 నాటికి పీఎఫ్ ఉండాలని. ఒకే గల్లీలో ఇరవై ఏళ్లుగా బీడీలు చుట్టిన ఇద్దరిలో ఒకరికి పింఛన్ వచ్చి ఇంకొకరికి రాకపోవడానికి కారణం చాలాసార్లు ఈ కాగితమే. కార్డు ఒకరి పేరు మీద ఉండి, చుట్టేది కోడలు, ఆడబిడ్డ కలిసి ముగ్గురైతే రికార్డులో ఒక్కరే కార్మికురాలు. మిగతా ఇద్దరు ఎన్ని లక్షల బీడీలు చుట్టినా లెక్కలో లేరు.

పీఎఫ్ పింఛన్‌కు కూడా 10 ఏళ్ల సర్వీసు కావాలి. నెలలో పని సగం రోజులే దొరికే చోట, కార్ఖానా మారినప్పుడల్లా కొత్త నంబర్ పడే చోట ఈ 10 ఏళ్లు ఎలా లెక్కకొస్తున్నాయి? హెచ్‌ఆర్ పుస్తకంలో దీన్ని రికార్డుల నిర్వహణ అని ఒక చిన్న పేరాలో ముగిస్తారు.

డేటా ఎలా సేకరించాలి

గూగుల్ ఫామ్ ఇక్కడ పనికిరాదు. లింకు పంపితే నింపేది ఆ ఇంటి కొడుకు, జవాబులు కూడా అతనివే. ప్రశ్నలు తెలుగులో, ఉర్దూలో రాసుకుని ఎదురుగా కూర్చుని అడిగి మీరే రాసుకోవాలి. బీడీలు ఇచ్చి వచ్చాక, వంట మొదలుపెట్టకముందు అడిగితే తీరిగ్గా చెబుతారు. టేకేదారు ముందు మాత్రం అడగొద్దు. ఈ పనిలో అమ్మాయిలకు ఒక సౌలభ్యం ఉంది: మగ విద్యార్థి గుమ్మం దగ్గరే ఆగిపోయే ఇళ్లలో వాళ్లు లోపల కూర్చుని మాట్లాడగలరు.

‘మీకు జీతం సరిపోతుందా’ లాంటి ప్రశ్నకు అందరూ లేదనే అంటారు, అది డేటా కాదు. పోయిన నెల ఎన్ని రోజులు ఆకు ఇచ్చారు? వెయ్యికి ఎన్ని చాటన్‌లో పోయాయి? పోయిన బీడీలు ఎవరి దగ్గర ఉండిపోయాయి? ఆకు తగ్గితే బయట కొన్నారా, ఎంతకు? ఇలా అడగాలి. ఉదాహరణకు వెయ్యి బీడీలకు 250 రూపాయల రేటు అనుకుందాం. 50 చాటన్‌లో పోతే చేతికి వచ్చేది 237 రూపాయల 50 పైసలు. ఆకుకు సొంతంగా 20 పెట్టి ఉంటే మిగిలేది 217.50. కాగితం మీది రేటుకూ చేతికొచ్చే రేటుకూ మధ్య ఈ తేడా ఎంతో దోమకొండలో 30 ఇళ్ల నుంచి లెక్క తెస్తే అది ఏ పుస్తకంలోనూ లేని పట్టిక అవుతుంది.

పీఎఫ్ పాస్‌బుక్ ఉమంగ్ యాప్‌లో యూఏఎన్‌తో చూడొచ్చు. చాలామంది కార్మికులు ఎప్పుడూ తెరిచి ఉండరు. వాళ్లు సరేనంటే వాళ్ల ఫోన్‌లోనే తెరిచి, వాళ్లకే చూపించి, నెలలు మాత్రం రాసుకోండి. బీడీ పరిశ్రమలో పీఎఫ్ చందా చాలాకాలంగా 10 శాతం, చాలా ఇతర పరిశ్రమల్లో 12. వచ్చిన కూలిలో 10 శాతం పాస్‌బుక్‌లో కనబడుతోందా అన్నది ఒక్క కాలిక్యులేటర్‌తో తేలే విషయం.

శాంపిల్ అంతా మీ గల్లీ నుంచే తీస్తే కుదరదు. కార్డు ఉన్నవాళ్లు, లేనివాళ్లు ఇద్దరూ ఉండాలి. ‘కార్డు ఉన్నవారికి నెలలో పని రోజులు ఎక్కువ’ అని ఒక పరికల్పన పెట్టుకుంటే కై-స్క్వేర్ టెస్ట్ సరిపోతుంది. బీకాం స్టాటిస్టిక్స్‌లో చదివిందే. 30 ఇళ్లతో జిల్లా అంతటి గురించి తీర్పు చెప్పకూడదు, ఆ 30 ఇళ్ల గురించే రాయాలి. పాత పరిశోధనల కోసం శోధ్‌గంగలో బీడీ కార్మికుల మీద పీహెచ్‌డీ గ్రంథాలు ఉచితంగా దొరుకుతాయి. దేశం మొత్తం ఉపాధి లెక్కలకు కేంద్ర గణాంక శాఖ పీఎల్‌ఎఫ్‌ఎస్ నివేదికలున్నాయి. తెలంగాణ విశ్వవిద్యాలయం సౌత్ క్యాంపస్ భిక్కనూరులోనే ఉంది కాబట్టి పద్ధతి మీద సందేహం వస్తే అధ్యాపకులను అడగడానికి నిజామాబాద్ దాకా వెళ్లక్కర్లేదు.

టేకేదారు మాట కూడా వినాలి. అతనికీ కంపెనీ నుంచి వచ్చేది కమీషనే. చాటన్ ఎంత చేయాలో పైనుంచి చెబుతారా, సరుకు తిప్పి పంపితే నష్టం ఎవరిది అని అడిగితే కథ ఇంకో వైపు నుంచి కనబడుతుంది. దీన్ని వదిలేసిన రిపోర్టు సగం రిపోర్టే.

రిపోర్టు బైండింగ్‌కు ఇచ్చే ముందు పేర్లు, ఇంటి నంబర్లు, యూఏఎన్‌లు అన్నీ తీసేసి ‘కార్మికురాలు 1, కార్మికురాలు 2’ అని మార్చండి. కార్ఖానా పేరు కూడా వద్దు. ఆ కాపీ కాలేజీ లైబ్రరీలో ఉంటుంది, ఎవరైనా తీసి చదవొచ్చు. మీతో మాట్లాడిన ఖాలా మర్నాడు మళ్లీ అదే చాటర్ ముందు తన కట్టలు పెట్టాలి.