రెండో ఎవెన్యూ మూలమీది నాటకశాల

న్యూయార్క్‌లో రెండో ఎవెన్యూ, పన్నెండో వీధి కలిసేచోట విలేజ్ ఈస్ట్ అనే సినిమాహాలుకి ఓసారి వెళ్ళాను. పెద్ద హాల్లో తలెత్తి చూస్తే కప్పు నిండా బంగారురంగు నగిషీ, మధ్యలో యూదుల ఆరుకోణాల నక్షత్రం! అది 1926లో మారిస్ శ్వార్ట్జ్ నాటక సమాజం కోసం కట్టిన యిద్దిష్ నాటకశాలట. యిద్దిష్ అంటే తూర్పు ఐరోపా యూదుల ఇంటిభాష.

శ్వార్ట్జ్ పుట్టింది ఇప్పటి ఉక్రెయిన్‌లో. అమెరికా వస్తూ దారిలో, లివర్‌పూల్‌లో తల్లికి దూరమై, తండ్రి వెతికి పట్టుకునేదాకా సుమారు రెండేళ్ళు లండన్‌లో ఒంటరిగా బతికాడు. అప్పటికి పన్నెండేళ్ళు!

ఆ రోజుల్లో యిద్దిష్ నాటకమంటే పాటలు, ఏడుపులు, పెళ్ళిళ్ళు. వారం మధ్య ఆటల టిక్కెట్లను ఒకే ఊరినుంచి వచ్చినవాళ్ళ సంఘాలు గంపగుత్తగా కొని, తమ నిధికోసం అమ్ముకునేవి. (మనకి తెలియని విద్యేం కాదు!) 1918లో శ్వార్ట్జ్ సొంత సమాజం పెట్టినప్పుడు జేకబ్ బెన్-అమీ అనే నటుడు ఒక షరతు పెట్టాడు: వారానికొక రాత్రి మంచి సాహిత్య నాటకం వెయ్యాలి. శ్వార్ట్జ్‌కి నమ్మకం లేకపోయినా సరేనన్నాడు. హిర్ష్‌బైన్ రాసిన పల్లెటూరి నాటకం వేస్తే జనం విరగబడ్డారు. మన సంబరాల్లో నాటకానికి భోజనాల వేళ దొరికే ముప్పావుగంట గుర్తొచ్చి నవ్వుకున్నాను.

ఆయన సమాజం 1950 దాకా నడిచింది. 1932లో 'యోషె కాల్బ్' పెద్ద విజయం. హాలీవుడ్‌లో తర్వాత పేరు మోసిన పాల్ మ్యూని ఆయన దగ్గర వేషాలు కట్టినవాడే. కానీ 1924 చట్టంతో కొత్త వలసలు దాదాపు ఆగాయి, ఇక్కడ పుట్టిన పిల్లలు ఇంగ్లీషులో పడ్డారు. కొత్తగా వచ్చి హాలు నింపేవాళ్ళు లేరు. మనకి 1965 చట్టం తలుపు తెరిచింది గనక ఆ లోటు ఇంకా తెలిసిరాలేదు.

1939 వేసవిలో లాంగ్ ఐలాండ్ పొలాల్లో ఆయనే దర్శకుడిగా, కథానాయకుడిగా 'తెవ్యా' తీశాడు. కథ షోలెమ్ అలైఖెమ్‌ది. ఆ సెప్టెంబరులోనే హిట్లర్ సేనలు పోలెండ్‌లో దిగాయి. ఆ భాష మాట్లాడే లక్షలమంది ఉన్న దేశమది. చివరికి 1951లో హాలీవుడ్ ఆయనకిచ్చింది 'బర్డ్ ఆఫ్ పారడైజ్'లో ఒక ద్వీపపు పూజారి వేషం. యిద్దిష్ రంగస్థలాన్ని మళ్ళీ నిలబెట్టాలని ఇజ్రాయెల్ వెళ్ళి, 1960లో అక్కడే కన్నుమూశాడు.

1991లో 'తెవ్యా'ని అమెరికా జాతీయ చిత్రాల జాబితాలో చేర్చారు. ఇంగ్లీషు కాని చిత్రాల్లో ఆ గౌరవం దక్కిన మొదటిది అదే.

ఆ డీవీడీ ఇంట్లో చూస్తుంటే మా అమ్మాయి వచ్చి పక్కన కూర్చుంది. కింద ఇంగ్లీషు అక్షరాలు చదువుకుంటూ ఆఖరిదాకా కదల్లేదు. "నాన్నా, మీ తెలుగు నాటకాలకి కూడా ఇలా కింద వేస్తే నేనూ వస్తాను" అంది.