సాంచా కథ: వాల్థమ్ నుంచి సూరత్ దాకా

సిరిసిల్లలో మరమగ్గాన్ని సాంచా అంటారు. గుజరాతీలో ‘సంచో’ అంటే యంత్రం. ఈ మాటల చుట్టరికం సంగతేమో గానీ, రెండు చోట్లకూ మనుషుల రాకపోకలున్నాయి. తెలంగాణ పద్మశాలి కుటుంబాలు షోలాపూర్, భివండి, సూరత్‌లకు బతుకుతెరువు వెతుక్కుంటూ వెళ్లాయి. సూరత్ మునిసిపల్ కార్పొరేషన్ తెలుగు మాధ్యమంలోనూ బడులు నడుపుతోందంటే అక్కడ మనవాళ్లు ఎంతగా స్థిరపడ్డారో తెలుస్తుంది.

సాంచాకు ఆద్యుడు నేతగాడు కాదు, ఎడ్మండ్ కార్ట్‌రైట్ అనే ఇంగ్లండ్ మతాచార్యుడు. 1785లో ఆయన పేటెంట్ పొందిన మోటు మగ్గాన్ని తర్వాత ఎందరో దిద్దారు. ఇంగ్లండ్ మిల్లులు చూసొచ్చిన ఫ్రాన్సిస్ కాబట్ లోవెల్ 1814లో అమెరికాలోని వాల్థమ్‌లో వడుకునూ నేతనూ ఒకే కప్పు కిందికి తెచ్చాడు. ఆయన పేరిట వెలసిన లోవెల్ పట్టణంలో పల్లె ఆడపిల్లలు వసతి గృహాల్లో ఉంటూ, గంట కొట్టగానే మిల్లుకు పరిగెత్తేవారు. 1834లో కూలి కోస్తామంటే పని ఆపి వీధికెక్కిందీ వాళ్లే.

సూరత్‌లో ఈస్టిండియా కంపెనీ 1613లోనే ‘ఫ్యాక్టరీ’ పెట్టింది. అందులో యంత్రాలేమీ లేవు. అది సరుకు కొని నిలవచేసే కోఠీ. అప్పటికే ఊరు పట్టుకూ జరీకీ పేరుమోసింది. 20వ శతాబ్దంలో కరెంటు, రేయాన్, ఆ వెనక నైలాన్, పాలియెస్టర్ వచ్చాయి. 1982లో బొంబాయి మిల్లు కార్మికుల సమ్మె తర్వాత అక్కడి మిల్లులు చితికిపోతుంటే నేతపని మరమగ్గాల షెడ్లకు మరింతగా మళ్లింది.

వాల్థమ్ ఒక్కచోటికి చేర్చిన పనిని సూరత్ మళ్లీ ముక్కలు చేసింది. నేత ఒక షెడ్డులో, అద్దకం పాండేసరా మిల్లుల్లో, అమ్మకం రింగ్‌రోడ్డు మార్కెట్లలో. కరెంటుతో నడిచేచోట కనీసం పదిమంది ఉంటేనే 1948 ఫ్యాక్టరీల చట్టం వర్తించేది. చిన్న షెడ్డు దాని కంటికి ఆనేది కాదు.

గుంటమగ్గం మీద కాలు తొక్కితేనే పడుగు విచ్చుకునేది, చెయ్యి ఆడితేనే నాడె కదిలేది. మనిషి అలిసిపోతే మగ్గమూ ఆగేది. సాంచాకు ఆ మొహమాటం లేదు. తెగిన పోగు అతుకుతూ, కండె మారుస్తూ ఒక్కడే నాలుగైదింటి మధ్య తిరగాలి. షిఫ్టు 12 గంటలు, కూలి మీటరు లెక్కన. సూరత్ సాంచాల మీద ఒడిశా గంజాం కార్మికులు పెద్ద సంఖ్యలో ఉన్నారు. వాళ్ల పక్కన మనవాళ్లూ ఉన్నారు.

ఒకప్పుడు ఆడవాళ్లు ఇంట్లో కండెలు చుడితే ఆ పక్కనే మగ్గం ఆడేది. సూరత్‌లోనూ ఇంటికి పని వస్తుంది: చీరకు లేసు కుట్టాలి, రాళ్లు అతికించాలి, ముక్కకింత. మగ్గం మాత్రం ఇంట్లో లేదు.

ఆ చీరలే మూటలుగా మన అంగళ్లకు వచ్చి, చేనేత చీర పక్కన సగానికి సగం తక్కువ ధరకు నిలబడతాయి. ఊళ్లో తాత మగ్గం పక్కకు జరగడానికి కారణమైన గుడ్డనే సూరత్‌లో మనవడు నేస్తున్నాడు.