మంచి సినిమా, ఆడలేదు

'అండర్‌రేటెడ్' అనే మాట మన తరం నోట్లో బాగా నానుతోంది. మా ఇంట్లో పెద్దవాళ్ళకి ఆ మాట తెలీదు. అదే సంగతిని వాళ్ళు మూడు ముక్కల్లో తేల్చేసేవాళ్ళు: "మంచి సినిమా, ఆడలేదు." మంచీ చెడూ చెప్పేది చూసినవాళ్ళు. ఆడిందీ ఆడనిదీ చెప్పేది వాల్‌పోస్టరు. 50 రోజులు, 100 రోజులు, 25 వారాల సిల్వర్ జూబ్లీ, ఎన్ని కేంద్రాల్లో, ఎన్ని ఆటలతో... ఈ లెక్కలు మనవాళ్ళకి ఎక్కాల కన్నా బాగా వచ్చు.

మంచిదైతే ఎందుకు ఆడలేదు? "జనానికి అర్థం కాలేదు", "పదేళ్ళు ముందొచ్చేసింది" అనేవి మామూలుగా వినిపించే జవాబులు. వీటి మీద నాకు పెద్ద నమ్మకం లేదు. చాలాసార్లు చూసినవాళ్ళకి సినిమా అర్థమైంది, నచ్చింది కూడా. ఆ సంగతి వాళ్ళు పక్కవాళ్ళకి చెప్పేలోపే సినిమాని ఎత్తేశారు. అందుకే మన సినిమా చరిత్రని మౌత్ టాక్‌కి ఎంత గడువు దొరికిందన్న వైపు నుంచి ఒకసారి చూద్దామనిపించింది.

1980 ఫిబ్రవరి 2న విడుదలైన 'శంకరాభరణం' సంగతే తీసుకోండి. హీరో యాభై దాటిన జె.వి. సోమయాజులు. అప్పటికి ఆయన ప్రభుత్వంలో డిప్యూటీ కలెక్టరు. ఫైట్లు లేవు, డ్యూయెట్లు లేవు, కథేమో శాస్త్రీయ సంగీతం చుట్టూ. కొనడానికి డిస్ట్రిబ్యూటర్లు వెనకాడారు. మొదటి రోజు హాళ్ళు దాదాపు ఖాళీ. వారం తిరిగేసరికి టికెట్లు దొరకలేదు. ఆ తర్వాత జాతీయ పురస్కారాలూ, పక్క రాష్ట్రాల్లో నీరాజనాలూ అందరికీ తెలిసినవే. ఆ మొదటి వారంలో ఆ కొద్దిమంది ప్రేక్షకులు ఇంటికెళ్ళి, ఆఫీసుకెళ్ళి, కాలేజీకెళ్ళి చెప్పిన మాటే సినిమాని నిలబెట్టింది. వాళ్ళు చెప్పేదాకా థియేటరు ఆగింది, నాకు అదీ అంతే ముఖ్యంగా కనిపిస్తుంది.

ఎందుకు ఆగగలిగిందంటే, అప్పటి పంపిణీ పద్ధతి అలాంటిది. ప్రింటు ఖరీదైన సరుకు కాబట్టి కొద్ది ప్రింట్లే తీసేవాళ్ళు. ముందు పెద్ద ఊళ్ళలో ఆడాక రీళ్ళ పెట్టె చిన్న పట్నాలకీ, అక్కణ్ణుంచి టూరింగ్ టాకీసులకీ వెళ్ళేది. పెట్టె కన్నా ముందు కబురు చేరేది. బెజవాడలో చూసొచ్చిన మేనమామ చెప్పింది విని, ఊళ్ళోకి పెట్టె దిగేదాకా జనం ఎదురుచూసేవాళ్ళు. సినిమా నెమ్మదిగా కదిలేది కాబట్టి ప్రేక్షకుడి మాట దాన్ని అందుకోగలిగేది.

అలాగని ఆ రోజులన్నీ బంగారం అనలేం. 1955లో బి.ఎన్. రెడ్డి 'బంగారు పాప' తీశారు. ఒక మొరటు మనిషి పసిపిల్లని పెంచుతూ మనిషిగా మారే కథ. అందులో కోటయ్యగా ఎస్.వి. రంగారావుని చూసినవాళ్ళు ఆ పాత్రని మర్చిపోలేరు. విమర్శకులు మెచ్చారు, జాతీయ పురస్కారం వచ్చింది, డబ్బులు మాత్రం రాలేదు. నిదానంగా నడిచే పంపిణీ ఒక అవకాశం ఇచ్చేది, హామీ ఇచ్చేది కాదు. పైగా అప్పట్లో ఒకసారి పోయిన సినిమాకి రెండో అవకాశం అరుదు. టీవీ లేదు, క్యాసెట్ లేదు. ఎవరైనా మళ్ళీ ప్రింటు తెప్పించి వేస్తే తప్ప అది చూసినవాళ్ళ జ్ఞాపకంలోనే మిగిలేది.

2010కి వచ్చేసరికి లెక్క తిరగబడింది. పెద్ద సినిమా వందల థియేటర్లలో ఒకేసారి దిగడం మామూలైంది. పైరసీ భయం ఒకపక్క, ముందే కట్టిన రేట్లు మరోపక్క. దాంతో శుక్రవారం నుంచి ఆదివారం దాకా వచ్చేదే వసూలు. 100 రోజుల పోస్టరు స్థానంలోకి ఓపెనింగ్స్ అనే మాట వచ్చింది. ఆ ఏడాది అక్టోబర్ 7న త్రివిక్రమ్ 'ఖలేజా', నవంబర్ 26న 'బొమ్మరిల్లు' భాస్కర్ 'ఆరెంజ్' వచ్చాయి. మొదటిది, మూడేళ్ళ గ్యాప్ తర్వాత వచ్చిన మహేష్ బాబు సినిమా. భారీ ఫైట్లు ఆశించి వెళ్ళినవాళ్ళకి, ఒక ట్యాక్సీ డ్రైవర్‌ని ఊరంతా దేవుడనుకునే కథ ఎదురైంది. రెండోదాంట్లో హీరో, ప్రేమ జీవితాంతం నిలవదని వాదిస్తాడు. రెండు సినిమాలూ ఒక్కసారి చూసి పక్కకి పెట్టేసేవి కావు, కాస్త అలవాటు పడాలి. ఆ అలవాటుకి థియేటర్ గడువు ఇవ్వలేదు. 'ఆరెంజ్' నిర్మాత నాగబాబుని అప్పుల్లోకి నెట్టింది.

గడువు ఇచ్చింది టీవీ. 1995లో ఈటీవీ, జెమినీ వచ్చాక సినిమాకి రెండో జీవితం మొదలైంది. అందులో టికెట్ లేదు, అంచనాలూ లేవు. నేను 'ఖలేజా'ని థియేటర్లో చూడలేదు. టీవీలోనే చూశాను, అదీ ముక్కలు ముక్కలుగా. ఒకసారి సెకండాఫ్, ఇంకోసారి అన్నం తింటూ సునీల్ కామెడీ, మరోసారి ప్రకటనల మధ్య క్లైమాక్స్. కథ మొత్తం అతికేసరికి డైలాగులు నోటికొచ్చేశాయి. మా హాస్టల్లో ఎవరైనా ఒక డైలాగ్ మొదలుపెడితే ఇంకో గదిలోంచి మిగతాది వినిపించేది. మొదటి వారంలో బయటికి రావాల్సిన మౌత్ టాక్ పదేళ్ళ పాటు విడతలవారీగా వచ్చింది, అంతే.

ఆ మాటకి మళ్ళీ థియేటర్ దొరికింది. 2022 ఆగస్టులో మహేష్ పుట్టినరోజుకి వేసిన 'పోకిరి' స్పెషల్ షోలతో రీరిలీజుల ఊపు మొదలైంది. 2023 మార్చిలో 'ఆరెంజ్', 2025 మే 30న 'ఖలేజా' తిరిగి వచ్చాయి. ఒకప్పుడు వెలవెలబోయిన సినిమాకి కుర్రాళ్ళు పాటపాటకీ లేచి నిలబడి పాడుతుంటే, విడుదలప్పుడు వాళ్ళలో చాలామంది బడికెళ్ళే పిల్లలని గుర్తొచ్చి నాకు ముచ్చటేసింది. తీర్పు మార్చింది పాత ప్రేక్షకులు మనసు మార్చుకోవడం ఒక్కటే కాదు. కొత్త ప్రేక్షకులు పెరిగి పెద్దవాళ్ళయ్యారు.

ఇక్కడే నాకు ఒక ఇబ్బంది కూడా ఉంది. రీరిలీజ్ తేదీలు ఎక్కువగా హీరోల పుట్టినరోజుల చుట్టూ తిరుగుతాయి. అదే 2010లో ఏప్రిల్ 16న దేవా కట్టా 'ప్రస్థానం' వచ్చింది. చూసినవాళ్ళు ఇప్పటికీ వదలకుండా చెప్పే సినిమా అది. దాని బరువంతా సాయికుమార్ చేసిన లోకనాథం నాయుడి మీద ఉంటుంది. అలాంటి సినిమాని ఎవరి పుట్టినరోజుకి వేస్తారు? ఫ్యాన్స్ ఉన్న ఫ్లాపుకి రెండో అవకాశం తేలిగ్గా వస్తుంది. కథనీ, క్యారెక్టర్ ఆర్టిస్టునీ నమ్ముకున్న సినిమాకి మనలాంటి ప్రేక్షకుల నోరే దిక్కు.

నోరున్నా సరిపోదు, ప్రింటూ ఉండాలి. 1932 ఫిబ్రవరి 6న విడుదలైన తొలి తెలుగు టాకీ, హెచ్.ఎం. రెడ్డి 'భక్త ప్రహ్లాద'ని ఇవాళ మనం చూడలేం. ఆ కాలపు నైట్రేట్ ఫిల్మ్ ఇట్టే అంటుకునేది. ఆడటం అయిపోయిన రీళ్ళని వెండి కోసం కరిగించడం దేశమంతటా జరిగింది. పుణేలో జాతీయ ఫిల్మ్ ఆర్కైవ్ వచ్చింది 1964లో, మన మొదటి టాకీకి 32 ఏళ్ళ తర్వాత. ఆ మధ్యలో పోయినవాటిలో ఎన్ని 'ఖలేజా'లు ఉన్నాయో చెప్పడానికి, వాటిని చూసినవాళ్ళు కూడా ఇప్పుడు లేరు.

అందుకే ఎవరైనా ఒక ఆడని సినిమా గురించి ఊగిపోతూ చెబుతుంటే నేను అడ్డుపడను. మొత్తం విని, ఒకే ప్రశ్న అడుగుతాను: "మంచి ప్రింటు ఎక్కడ దొరుకుతుంది?" పాత తెలుగు సినిమాల విషయంలో చాలాసార్లు వచ్చే జవాబు, సగం పాటలు కత్తిరించి, రంగు వెలిసిపోయిన యూట్యూబ్ కాపీ. అదైనా చూస్తాను. చూసి ఇంకొకరికి చెబుతాను.