నీళ్ళెక్కడ దొరుకుతాయి?

ఏనుగుల వీరాస్వామి ‘కాశీయాత్ర చరిత్ర’ని ఎక్కువమంది తెలుగులో తొలి యాత్రాగ్రంథాల్లో ఒకటిగా చదువుతారు. నేనైతే దాన్ని ఓ రూట్ ప్లాన్‌గా చదివాను. తిరుపతి నుంచి కడప, అహోబిలం మీదుగా శ్రీశైలం దాకా ఫోర్ బై ఫోర్ జీపులో పోదామని మేం నలుగురం లెక్కలు వేస్తున్న రోజులవి. డీజిల్, టైర్లు, టెంట్, నీళ్ళు. సరిగ్గా ఈ లెక్కలే, ఈ దారికే, 1830లో ఒకాయన వేసిపెట్టాడు.

వీరాస్వామి మద్రాసు సుప్రీంకోర్టులో హెడ్ ఇంటర్‌ప్రిటర్. 1830 మే 18న, మండుటెండల్లో, సుమారు వందమందితో బయల్దేరి 1831 సెప్టెంబర్ 3న తిరిగొచ్చాడు. దారిపొడుగునా రాసినవాటిని మిత్రుడు కోమలేశ్వరపురం శ్రీనివాస పిళ్లై చేర్చి కూర్చాడు. పుస్తకం అచ్చయింది 1838లో, వీరాస్వామి పోయిన రెండేళ్ళకి.

ఊరికీ ఊరికీ ఎన్ని ఆమడలు? దారి ఇసకా, రాళ్ళా? దిగడానికి సత్రం ఉందా? అంగట్లో సరుకులు దొరుకుతాయా? నీళ్ళు చెరువువా, బావివా? ఇవాళ్టి పాఠకుడు పేజీ తిప్పేసేది ఇక్కడే. కానీ ప్రయాణం మొత్తం నిలబడింది ఈ వివరాల మీదే. ఎండాకాలంలో మనిషికి తాగడానికి రోజుకి ఐదు లీటర్లనుకున్నా, వందమందికి ఐదువందల లీటర్లు, అంటే అర టన్ను బరువు. వంటకీ స్నానానికీ వేరే. అంత నీటిని కావళ్ళ మీద రోజూ మోసుకుపోవడం అయ్యే పని కాదు. అంచేత మజిలీ ఎంత దూరమో నిర్ణయించేది యాత్రికుడి ఓపికొక్కటే కాదు, ఈ బావికీ ఆ బావికీ మధ్యనున్న దూరం కూడా.

ఇదే లెక్క పశ్చిమ ఆస్ట్రేలియా ఎడారిలోనూ కనిపిస్తుంది. కానింగ్ స్టాక్ రూట్ సుమారు 1,850 కిలోమీటర్లు. ఇప్పుడు అక్కడికి జీపుల్లో వెళ్ళేవాళ్ళు నెలల ముందు నుంచే ఇంధనానికి ఏర్పాట్లు చేసుకుంటారు. పశువుల్ని తోలుకెళ్ళడానికి ఆ దారిని 1906లో సర్వే చేసినవాడు ఆల్‌ఫ్రెడ్ కానింగ్. 1908-10 మధ్య దారిపొడుగునా బావులు తవ్వించాడు. మరి ఎడారిలో నీటి జాడ ఆయనకెలా తెలిసింది? అక్కడి ఆదివాసుల్ని పట్టుకుని, పారిపోకుండా గొలుసులు వేసి, చూపించమన్నాడు. బృందంలోని వంటవాడే ఫిర్యాదు చేస్తే 1908లో రాయల్ కమిషన్ కూర్చుంది. కానింగ్ తప్పేం లేదని తేల్చింది. దారికి ఆయన పేరే మిగిలింది.

వీరాస్వామిని కానింగ్ పక్కన నిలబెట్టడం నా ఉద్దేశం కాదు. ఆయన గొలుసులు వేసినవాడు కాదు. అయితే పల్లకీలో కూర్చున్నవాడు ఒకడు, మోసినవాళ్ళు బోయీలు. అట్ట మీద ఉన్నది ఒక్క పేరే. ఏ బావి నీళ్ళు తియ్యనో, ఏ వాగు ఎండిపోయిందో ఏ ఊరికి ఆ ఊళ్ళో ఎవరో ఒకరు చెప్పి ఉండాలి కదా. ప్రయాణ చరిత్రలో దారి చెప్పినవాళ్ళు ఎప్పుడూ బహువచనంలోనే ఉంటారు.

ఇప్పుడు రేణిగుంట నుంచి బాలపల్లె, కోడూరు మీదుగా కడపకి తారు రోడ్డుంది, పక్కనే రైలుంది. మద్రాసు నుంచి ఈ లైను 1871కల్లా రాయచూరు చేరింది. ఫోర్ బై ఫోర్‌కి పనిపెట్టే దారులంటూ మిగిలింది శేషాచలం, నల్లమల అడవుల్లోనే. శేషాచలం 2010 నుంచి బయోస్ఫియర్ రిజర్వ్. అనుమతి లేకుండా జీపు తోలే చోటు కాదది. ‘ఎవరూ చూడని దారి’ అని వీడియోలకి పేర్లు పెడుతుంటారు. నల్లమలలో తరతరాలుగా చెంచులు నడుస్తున్న దారిని ఎవరూ చూడకపోవడమేంటి?

అందుకే అడవి దారి వద్దనుకున్నాం. తారు రోడ్డు మీదే, మామూలు కార్లో, వీరాస్వామి మజిలీల వెంట పోతాం. ఆగిన ప్రతిచోటా పాత బావి ఎక్కడుందో అడగాలి. చెప్పినవాళ్ళు సరేనంటే వాళ్ళ పేరు కూడా రాసుకోవాలి.