జాతిరాజ్యానికి పనికిరాని పంతులు: థియోఫిలోస్ కైరిస్

1853 జనవరిలో, ఈజియన్ సముద్రంలోని సిరోస్ దీవి జైల్లో 68 ఏళ్ల బడిపంతులు ఒకాయన చనిపోయాడు. మతకర్మలేవీ లేకుండా శవాన్ని పూడ్చారు. మర్నాడు ఆ సమాధిని తవ్వి శవం మీద సున్నం పోశారు. కొద్దిరోజులకే గ్రీసు అత్యున్నత న్యాయస్థానం ఆయనకు పడ్డ శిక్షను రద్దు చేసింది. ఆ పంతులు పేరు థియోఫిలోస్ కైరిస్. 1821లో తన సొంత దీవి ఆండ్రోస్‌లో స్వాతంత్ర్య పతాకం ఎగరేసిన మనిషి ఆయనే.

దీన్ని మతఛాందసుల దుర్మార్గంగా మాత్రమే చెప్పి ఊరుకుంటే చరిత్రలో సగమే చెప్పినట్టు. ఉద్యమంగా ఉన్నంతకాలం పంతుల్ని నెత్తిన పెట్టుకునే జాతీయత, రాజ్యంగా మారాక అతన్ని జైల్లో ఎందుకు పెడుతుంది? కైరిస్ జీవితం లేవనెత్తే అసలు ప్రశ్న ఇది.

కైరిస్ 1784లో పుట్టాడు. అప్పటికి గ్రీకు సమాజంలో కొత్త వర్గం ఒకటి తలెత్తుతోంది. 1774 రష్యా–టర్కీ సంధి తర్వాత గ్రీకు ఓడలు రష్యా జెండాతో సముద్రాల మీద తిరిగాయి. వర్తకుల చేతికి డబ్బొచ్చింది. లెక్కలు, భూగోళం, పరభాషలు తెలిసిన మనుషులు వారికి కావలసివచ్చారు. బడులు వెలిశాయి. ఈనాడు టర్కీలో ఐవలిక్ అని పిలిచే కిదోనియెస్ పట్టణంలోని విద్యాలయం అలాంటిదే. కైరిస్ అక్కడ చదువుకుని, యువకుడిగా ఉండగానే మతదీక్ష పుచ్చుకుని, పీసాలోనూ పారిస్‌లోనూ గణితం, భౌతికశాస్త్రం, తత్వశాస్త్రం అభ్యసించాడు. పారిస్‌లో గ్రీకు జ్ఞానోదయానికి పెద్దదిక్కయిన అదమాంతియోస్ కొరాయిస్‌తో పరిచయమైంది. 1812 నాటికి తాను చదివిన కిదోనియెస్ విద్యాలయంలోనే ఉపాధ్యాయుడయ్యాడు.

1817లో ఫ్రెంచి యాత్రికుడు అంబ్రోజ్ ఫిర్మాఁ దిదో అక్కడికి వెళ్లాడు. విద్యార్థులు తమ క్రైస్తవ నామాలు వదిలి ప్రాచీన గ్రీకు పేర్లు పెట్టుకోవడం, తమలో తాము ప్రాచీన భాషే మాట్లాడుకుంటామని ఒట్టు పెట్టుకోవడం చూశాడు. ఇది పిల్లల ఆటగా కనబడవచ్చు. కాని మతపీఠం దీన్ని ఆటగా తీసుకోలేదు. ప్రాచీన నామాల మోజునూ, వ్యాకరణాన్ని పక్కకు నెట్టి గణిత విజ్ఞానాలకు పెద్దపీట వేయడాన్నీ గర్హిస్తూ 1819లో కాన్‌స్టాంటినోపుల్ పీఠాధిపతి ఉత్తరువు పంపాడు. సుల్తాను పాలనలో క్రైస్తవ ప్రజలమీద పెత్తనం ఆ పీఠానిదే. కొత్త చదువు తన అధికారానికి ఎసరు పెడుతుందని అది సరిగానే పసిగట్టింది. అదే ఏడాది కైరిస్, 1814లో ఒడెస్సాలో వర్తకులు స్థాపించిన రహస్య విప్లవ సంఘం ఫిలికీ ఎతేరియాలో చేరాడు.

1821లో తిరుగుబాటు మొదలైంది. కిదోనియెస్ పట్టణం తగలబడిపోయింది. పంతులు యుద్ధంలో గాయపడ్డాడు. జాతీయ సభల్లో ఆండ్రోస్ ప్రతినిధిగా కూర్చున్నాడు. అయితే 1822లో ఎపిదౌరోస్ సభ చేసిన తొలి రాజ్యాంగం ఎవరు గ్రీకులని చెప్పిందో గమనించాలి. గ్రీసు గడ్డమీద పుట్టి క్రీస్తును విశ్వసించేవారు. విప్లవకాలంలోనే జాతికి మతం కొలబద్ద అయింది. కైరిస్ మెడకు తర్వాత చుట్టుకున్న తాడు అప్పుడే పేనబడింది.

స్వాతంత్ర్యం వచ్చింది. బవేరియా నుంచి ఒక రాజకుమారుణ్ణి తెచ్చి సింహాసనమెక్కించారు. టర్కీ భూస్వాములు వదిలిపోయిన పొలాలు ‘జాతీయ భూములు’ అయ్యాయి గాని, 1871 దాకా రైతులకు సక్రమంగా పంచలేదు. రైతుకు పొలం ఇవ్వలేని రాజ్యం అతన్ని తనవెంట నిలుపుకోవడానికి మతాన్ని ఆశ్రయించింది.

కైరిస్ మాత్రం రాజు ఇవ్వబోయిన పతకాన్ని కాదన్నాడు. ఏథెన్స్‌లో 1837లో ఏర్పడిన విశ్వవిద్యాలయంలో ఆచార్య పదవినీ కాదన్నాడు. యూరపంతా తిరిగి చందాలు పోగుచేసి, యుద్ధంలో తల్లిదండ్రులు పోయిన పిల్లలకోసం 1836లో ఆండ్రోస్‌లో అనాథ విద్యాలయం తెరిచాడు. వందలమంది చేరారు. గణితం, ఖగోళం, తత్వశాస్త్రం చెప్పాడు.

అక్కడే ఆయన చర్చి సిద్ధాంతాలకు దూరంగా, సృష్టికర్త ఒక్కణ్ణే ఆరాధించే ‘థియోసెబియా’ అనే దైవభక్తి మార్గాన్ని రూపొందించాడు. 1839లో మతసభ ఆయన్ని విశ్వాస ప్రకటన చెయ్యమంది. తాను చెప్పేది తత్వశాస్త్రమే గాని మతశాస్త్రం కాదన్నాడాయన. స్కియాథోస్, సాంటోరిని దీవుల మఠాల్లో నిర్బంధించి, 1842లో దేశం దాటించారు. 1844 రాజ్యాంగం ‘తెలిసిన మతాలను’ సహిస్తానంది, ఆయన తిరిగొచ్చాడు. కాని అదే రాజ్యాంగం అధికార మతం నుంచి జనాన్ని మళ్లించడాన్ని నిషేధించింది. 1852లో అమెరికన్ మిషనరీ జోనస్ కింగ్‌కు ఏథెన్స్‌లో శిక్ష పడింది. అదే ఏడాది చివర సిరోస్‌లో కైరిస్‌కు రెండేళ్లకు పైగా ఖైదు విధించారు.

కైరిస్ పరిమితులనూ దాచనక్కర్లేదు. కొత్త ఆరాధనకు ప్రార్థనలను ఆయన ప్రాచీన డోరిక్ మాండలికంలో రాశాడు. చేపలు పట్టేవాడికీ, గొర్రెలు కాసేవాడికీ అది అర్థంకాని భాష. రైతు భూమి కోసం ఆకలిగొని ఉన్నప్పుడు ఆయన కొత్త భక్తిని అందించాడు. కిదోనియెస్‌లో ప్రాచీన నామాలతో మొదలైన మోజు పంతుల్ని చివరిదాకా వదల్లేదు. అందుకే ఆయన్ని జైలుకు తీసుకుపోయిననాడు వెంట నడవడానికి జనం లేరు, శిష్యులే ఉన్నారు.

ఆయన చేతుల్లో చదువు నేర్చిన చెల్లెలు ఎవాంథియా ఈ విషయంలో ఒక అడుగు ముందుంది. 1826లో మిసొలొంగి పతనం మీద ‘నికిరాతోస్’ అనే నాటకం రాసి, సొంత పేరు వేసుకోకుండా అచ్చేయించింది. సమకాలీనుల చావునూ తెగువనూ రంగస్థలానికి తెచ్చిందామె. మగవాళ్ల రాజ్యాంగ చర్చల్లో చోటులేని స్త్రీ, జాతి గొంతును నాటకంలో పలికించింది.

జాతీయత అనేది ఒకే ముక్క కాదు. అందులో వర్తకుడి అవసరం ఉంటుంది, పంతులు కల ఉంటుంది, రైతు ఆకలి ఉంటుంది. అధికారం చేజిక్కాక వీటిలో ఏది మిగులుతుందన్నది వర్గాల బలాబలాలు తేలుస్తాయి. గ్రీసులో రైతు ఆకలి వాయిదా పడింది, పంతులు కల నేరమైంది. జాతి పేరున కలం పట్టే రచయిత ఆ జాతికి గీసిన సరిహద్దులో ఎవరికి చోటుందో, ఎవరికి లేదో మొదటిరోజే అడగాలి. కైరిస్‌కు ఆ ప్రశ్న అడిగే అవకాశం 1822లో ఉండింది. 1852లో న్యాయస్థానం ముందు నిలబడేనాటికి జవాబు చట్టమైపోయింది.