డిఫరెన్షియల్ బుష్: ఒక రబ్బరు ముక్క చరిత్ర

కారు మలుపు తిరిగేటప్పుడు బయటి చక్రం లోపలిదానికన్నా ఎక్కువ దూరం పోవాలి. దీన్ని సాధ్యం చేసే డిఫరెన్షియల్‌కు ఫ్రాన్సు దేశీయుడు పెక్యూర్ 1827లో, ఆవిరి బండి కోసం, పేటెంటు పొందాడు. తరువాతి కాలపు కార్లలో చాలావాటికి అది వెనుక ఇరుసు గుల్లలోనే ఉండేది. వేరే బుష్‌తో పని లేదు. వెనుక చక్రాలు వేటికవి కదిలే సస్పెన్షన్ ఉన్న కార్లలో మాత్రం దాన్ని చట్రానికే బిగించవలసి వచ్చింది. గేర్ల రొద లోపలివారికి చేరకుండా మధ్యలో రబ్బరు బుష్ పెట్టారు. గుడ్‌ఇయర్ 1844లో పేటెంటు పొందిన వల్కనీకరణమే లేకుంటే ఆ రబ్బరు వేడికి మెత్తబడిపోయేదని గమనించండి.

అది పాడైతే మీరు ఇంటి దగ్గరే మార్చుకోవచ్చా? మార్చుకోవచ్చు. అయితే జాకీని నమ్మి కారు కిందికి దూరకండి, స్టాండ్లు తప్పనిసరి. ఫ్యాక్టరీలో ప్రెస్‌తో దించిన బుష్ సుత్తికి లొంగదు (నేనూ ఒక ఆదివారం సుత్తితోనే మొదలుపెట్టాను). పొడవాటి మరబోల్టు, ఇనుప గొట్టం, వాషర్లు అమర్చి, నట్టు బిగిస్తూ మెల్లగా బయటికి లాగాలి.